ఏడు మూలపాపాలకు ఏడు వంటకాలు: తినేవారి చేతనే పాపం చేయించే పద్ధతి

క్రైస్తవ సంప్రదాయం చెప్పే ఏడు మూలపాపాల మీద విందు చేయాలనుకునే వారు సాధారణంగా రంగుల దగ్గరే మొదలుపెడతారు. కోపమనగానే ఎరుపు, అసూయ అనగానే ఆకుపచ్చ, లోభమనగానే పసిడి రంగు గుర్తుకొస్తాయి. నేనూ మొదటిసారి అలాగే చేశాను. ఏడు పళ్ళేలనూ ఏడు రంగులలో తీర్చి, ఏది ఏ పాపమో చెప్పమని అతిథులను అడిగితే, కోపం కోసం చేసిన టమాటా వంటకాన్ని కామమన్నారు, కామం కోసం చేసినదాన్ని చూసి పుట్టినరోజు కేకా అన్నారు. వంటలు బాగానే ఉన్నాయి, కానీ వాటికి తగిలించిన పేర్లకూ రుచికీ పొంతన లేదు. ఆ తరువాత తేల్చుకున్నదేమిటంటే, పాపం బొమ్మను పళ్ళెంలో గీయడం వంటవాడి పని కాదు. తినేవాడు కూర్చున్నచోటే ఆ పాపాన్ని కాస్త చవిచూసేలా వంటకాన్ని కల్పించాలి.

అందుకు పద్ధతి ఒకటే. ఒక్కో పాపానికీ ఒక క్రియ రాసుకోండి: ఆ గుణం పట్టినప్పుడు మనిషి ఏం చేస్తాడు? గర్వి ఉబ్బుతాడు, అసూయాపరుడు పక్కకు చూస్తాడు, కోపిష్ఠి భగ్గుమంటాడు, సోమరి లేవడు, లోభి దాచుకుంటాడు, తిండిపోతు ఆగడు, కాముకుడు వాసన పట్టి వెంటపడతాడు. ఆ తరువాత అదే పని చేసే పదార్థం కోసమో, అదే పని చేయించే వడ్డన కోసమో వెతకాలి. ఉబ్బేది ఏది, తాకగానే మండేది ఏది, దాస్తే పాడయ్యేది ఏది అని అడిగితే వంటింట్లో జవాబులు దొరుకుతాయి. రంగు గురించి చివర ఆలోచించినా సరిపోతుంది, అసలు ఆలోచించకపోయినా నష్టం లేదు.

పాపాల పేర్లను మనకు తెలిసిన అర్థంలోనే తీసుకుంటే కొన్నిచోట్ల దారి తప్పుతాం కనుక, వాటి పుట్టుక కొంత తెలుసుకోవడం మంచిది. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసుకున్న ఇవాగ్రియస్ అనే క్రైస్తవ సన్యాసి మనసును చెరిచే ఆలోచనలు ఎనిమిదని లెక్కవేశాడు. ఆయన జాబితాలో మొదటిది తిండి యావే. ఎడారిలో ఉపవాసాలు చేసేవారికి తొలి పోరు కడుపుతోనే కదా. 6వ శతాబ్దం చివర పోప్ గ్రెగరీ ఆ లెక్కను సవరించి ఏడుకు తెచ్చాడు, అయితే గర్వాన్ని వాటిలో కలపకుండా అన్నింటికీ వేరుగా నిలబెట్టాడు. నేటి ఏడూ ఆ తరువాత కుదురుకున్నవి. మన అరిషడ్వర్గాలతో పోల్చి చూస్తే కామ, క్రోధ, లోభ, మద, మాత్సర్యాలు ఐదూ ఆ ఏడింటిలో దాదాపుగా సరిపోతాయి. మోహానికి ఆ ఏడింటిలో చోటు లేదు, తిండిపోతుతనానికీ సోమరితనానికీ మన ఆరింటిలో చోటు లేదు. కాబట్టి తెలుగు పాఠకుడు కొత్తగా ఆలోచించాల్సింది ముఖ్యంగా ఆ చివరి రెండింటి గురించి.

వడ్డించే వరుసకు 14వ శతాబ్దపు ఇటలీ కవి డాంటే తన కావ్యంలో, ఆత్మలు పాపాలు కడుక్కునే ప్రాయశ్చిత్త పర్వతాన్ని వర్ణించిన క్రమం బాగా పనికొస్తుంది. ఆ కొండ కింద అన్నిటికన్నా బరువైన గర్వం ఉంటుంది, దాని పైన వరుసగా అసూయ, కోపం, సోమరితనం, లోభం, తిండిపోతుతనం, శిఖరానికి దగ్గరగా కామం ఉంటాయి. విందుకు ఇంతకన్నా అనువైన వరుస నాకు దొరకలేదు. వేడివేడి ఉప్పటి వంటకంతో మొదలై తీపితో ముగుస్తుంది, పైగా తిండిపోతుతనం ఆరోది కావడం వల్ల అందరి కడుపులూ నిండాక వస్తుంది. ఏడు వంటకాలూ కలిపి ఒక్కరికి అర కిలో మించకూడదు. అంటే ఒక్కోటి సగటున 70 గ్రాములు. పిలిచేటప్పుడే ఎవరికి ఏది పడదో అడిగి తెలుసుకోండి. గుడ్లు, పాలు, గోధుమలతో పాటు ఆవాలు పడనివారు కూడా ఉంటారు, ఈ విందులో ఆ నాలుగూ ఉన్నాయి.

గర్వానికి సూఫ్లే. ఇది పాశ్చాత్య వంటలలో పేరుమోసిన డాంబికుడు. గుడ్డు తెల్లసొనలో గిలకొట్టి నింపిన గాలి బుడగలు ఓవెన్ వేడికి వ్యాకోచించి, లోపలి తేమ ఆవిరై తోడవడంతో కప్పు అంచు దాటి పైకి లేస్తుంది. బయటికి తీసిన మరుక్షణం నుంచి చల్లబడుతూ, కొద్ది నిమిషాలలోనే కూలబడుతుంది. ఎనిమిది చిన్న కప్పులకు 40 గ్రాముల వెన్న కరిగించి అంతే మైదా వేసి ఒక నిమిషం వేయించి, 300 మిల్లీలీటర్ల పాలు కొద్దికొద్దిగా పోస్తూ చిక్కబడే దాకా కలపాలి. దింపి కాస్త చల్లారాక నాలుగు పచ్చసొనలు, తురిమిన 100 గ్రాముల ఛీజ్, ఉప్పు చేర్చాలి. ఇంతవరకూ ముందే చేసిపెట్టుకోవచ్చు. ఐదు తెల్లసొనలను మాత్రం వడ్డనకు ముందే గిలకొట్టాలి. గిన్నెకు నూనె జిడ్డు గానీ, తెల్లసొనలో పచ్చసొన చుక్క గానీ ఉంటే నురుగు నిలవదు. ఆ నురుగును పిండిలో మెల్లగా, బుడగలు చితికిపోకుండా కలిపి, వెన్న రాసిన కప్పులలో నింపి, 190 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 15 నిమిషాలు ఉంచాలి. మధ్యలో తలుపు తీయకూడదు.

అయితే ఇంతవరకూ అది మంచి సూఫ్లే మాత్రమే, గర్వం కాదు. గర్వమయ్యేది వడ్డనలో. కప్పులను అతిథుల ముందు పెట్టి, చెంచా ముట్టవద్దని చెప్పి, వంటవాడు లేచి నిలబడి ఈ వంటకం ఎంత కష్టమో, తనకు ఎంత బాగా కుదిరిందో మూడు నిమిషాల పాటు వివరించాలి. ఆ పొగడ్త సాగుతుండగానే కప్పులన్నీ ఒకదాని తరువాత ఒకటి కుంగిపోతాయి. నవ్వు ఎక్కడ మొదలవుతుందో అక్కడ మాట ఆపేయండి. కూలిన సూఫ్లే రుచికి లోటేమీ ఉండదు, కాస్త ముద్దగా ఉంటుందంతే.

అసూయకు ఒక పళ్ళెం చాలదు, రెండు కావాలి. పక్కవాడు లేకపోతే అసూయ లేదు కదా. పావు కిలో ఎర్ర క్యాబేజీని సన్నగా తరిగి అర లీటరు నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి వడకడితే ముదురు ఊదారంగు రసం వస్తుంది. పులుపు తగిలితే అది గులాబీ రంగుకు తిరుగుతుంది, చిటికెడు వంటసోడా తగిలితే నీలం వైపు, ఇంకాస్త తగిలితే ఆకుపచ్చ వైపు పోతుంది. సోడా రుచిని చెడగొడుతుంది కనుక ఈ సూపులో దాని జోలికి పోవద్దు. ఎలాగూ ఆకుపచ్చ మనకు అక్కర్లేదు. ఆ రసాన్ని ఉప్పు, మిరియాలు, వేయించిన ఉల్లిపాయతో సూపుగా దిద్ది, పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి నిమ్మరసం పిండి, ఇంకొకరికి పిండకుండా ఇవ్వండి. రెండూ ఒకే కుండలోవే, కానీ ఒకటి గులాబీ రంగులో మెరుస్తుంది, మరొకటి ఊదాగా ఉంటుంది. ఊదా గిన్నె వచ్చినవారు ముందు పక్కకు చూస్తారు, ఆపైన ఒక చెంచా అడుగుతారు, రుచి చూశాక తమదానికన్నా బాగుందంటారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది, ఎందుకంటే పొరుగు గిన్నెలో నిజంగానే పులుపు ఉంది. నిమ్మచెక్కలను వంటింట్లోనే ఉంచేసుకోండి. బల్ల మీద పెడితే అందరూ పిండుకుంటారు, అసూయకు అవకాశం పోతుంది.

కోపాన్ని మిరపకాయకు వదిలేయడం అందరూ చేసే పని, కానీ అందులో సగం కోపమే ఉంది. కోపాలు రెండు రకాలు: భగ్గుమని చల్లారేది ఒకటి, లోపల రగిలి రగిలి ఎంతసేపటికీ తగ్గనిది ఒకటి. మొదటిదానికి ఆవపిండి, రెండోదానికి మిరప సరిపోతాయి. ఆవాల ఘాటు పొడిలో సిద్ధంగా ఉండదు. పిండికి నీళ్ళు తగిలినప్పుడు అందులోని ఎంజైము పనిచేసి ఘాటును పుట్టిస్తుంది. వేడినీళ్ళు పోస్తే ఎంజైము చచ్చిపోయి చేదు మాత్రం మిగులుతుంది, అందుచేత చన్నీళ్ళతోనే కలిపి పది నిమిషాలు ఆగాలి. ఆ ఘాటు ఇట్టే ఆవిరయ్యే గుణం కలది కాబట్టి నాలుక కన్నా ముందు ముక్కునంటి, కళ్ళ నీళ్ళు తెప్పించి, కొద్ది క్షణాలలో మాయమవుతుంది. తెలుగువాడి కోపం ముక్కు మీద ఉంటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మిరపలో మంట పుట్టించే పదార్థమైన క్యాప్సైసిన్ తీరు వేరు. వేడిని పసిగట్టే నరాల గ్రాహకాలకే అది అంటుకుంటుంది గనుక, ఏమీ కాలకుండానే నోరు కాలినట్టు మెదడుకు కబురు వెళుతుంది. ఆ మంట నెమ్మదిగా ఎక్కి, నిమిషాల తరబడి నిలుస్తుంది.

ఈ రెండింటినీ ఒకే ముద్దలో పెట్టాలి. 50 గ్రాముల వెన్నలో ఒక చెంచాడు ఎండుమిరప తునకలను సన్నని సెగ మీద ఐదు నిమిషాలు ఉంచి వడకట్టండి; క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది కనుక మంట అంతా వెన్నలోకి దిగుతుంది. ఆ వెన్నను ఉడికించి మెదిపిన అర కిలో బంగాళాదుంపలో ఉప్పుతో కలిపి, నిమ్మకాయంత ఉండలు చేసి, 200 డిగ్రీల వద్ద పైన కరకరలాడే వరకు కాల్చాలి. బయటికి తీసి గోరువెచ్చగా అయ్యాక మాత్రమే ఆవముద్ద పూయాలి, వేడి మీద పూస్తే ఘాటంతా గాలిలో కలుస్తుంది. తిన్నవారికి ముందు ముక్కు అదురుతుంది, హమ్మయ్య పోయిందనుకునేలోగా రెండోది మొదలవుతుంది. అప్పుడు వారి చేయి నీళ్ళ గ్లాసు మీదికి పోతుంది. కోపం వచ్చినవాడికి మంచినీళ్ళు తాగమని చెప్పడం ఎంత పనిచేస్తుందో ఇదీ అంతే పనిచేస్తుంది, ఎందుకంటే క్యాప్సైసిన్ నీటిలో కరగదు. చల్లని పాలు ఒక కూజాలో సిద్ధంగా ఉంచి, రెండు నిమిషాలు ఆగి తీసుకురండి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ ఆ మంటను పట్టి కడిగేస్తుంది. కారం పడనివారికి ఆవముద్ద మాత్రమే పూసిన ఉండలు విడిగా చేయాలి. సరదా పేరిట ఎవరి నోటినీ హింసపెట్టకూడదు.

సోమరితనం దగ్గర చాలామంది, మెత్తగా పడుకున్నట్టుండే వంటకం ఏదో చేసి సరిపెడతారు. కానీ ఈ పాపం పాత పేరు గ్రీకులో అకీడియా, దానికి ఒళ్ళు బద్ధకం కన్నా లోతైన అర్థం ఉంది. మిట్టమధ్యాహ్నం సన్యాసి గదిలో కూర్చుంటే సూర్యుడు కదలనట్టూ, పగలు యాభై గంటల పొడవున్నట్టూ అనిపించి, మాటిమాటికీ కిటికీలోంచి చూస్తూ, చేస్తున్న పని మీదా ఉన్న చోటు మీదా విసుగు పుట్టే స్థితి అని ఇవాగ్రియస్ వర్ణిస్తాడు. మంచిదేదో అందుబాటులోనే ఉన్నా దాని కోసం కదలబుద్ధి కాకపోవడమే దీని సారం. అందుకని నేను ఉప్పు లేని రొట్టెను ఎంచుకున్నాను. 400 గ్రాముల మైదా, 300 గ్రాముల నీళ్ళు, పావు చెంచా ఈస్ట్ కలిపి మూతపెట్టి వదిలేయండి. పిసకాల్సిన పని లేదు. కాలమే ఆ పని చేసి పిండిలో సాగే గుణాన్ని తెస్తుంది. మామూలుగా ఇలాంటి పిండిని 18 గంటల దాకా వదలవచ్చు గానీ, ఉప్పు లేనప్పుడు ఈస్ట్‌కు పగ్గం ఉండదు కాబట్టి 12 గంటలు చాలు. మూత ఉన్న బరువైన పాత్రలో 230 డిగ్రీల వద్ద అరగంట, మూత తీసి ఇంకో పావుగంట కాల్చాలి. చల్లారిన రొట్టెను ముక్కలు చేసి, సన్నసెగ మీద గంటసేపు మగ్గించిన ఉల్లిపాయలతో పొరలుగా పేర్చి, ఉప్పు వేయని కూరగాయల ఉడుకునీరు పోసి, 150 డిగ్రీల ఓవెన్‌లో మరో గంట ఉంచితే నమలనక్కర్లేని ముద్ద తయారవుతుంది.

దీన్ని ఆలస్యంగా, గోరువెచ్చగా వడ్డించండి. ఉప్పు, మిరియాలు, ఛీజ్ తురుము గదికి అవతలి మూల ఒక చిన్న బల్ల మీద పెట్టి, అవి అక్కడ ఉన్నాయని ఒకే ఒక్కసారి చెప్పండి. పది అడుగులు వేసి తెచ్చుకున్నవారికి చక్కని వంటకం దొరుకుతుంది. మిగిలినవారు చప్పిడి ముద్దనే తింటూ, ఎవరైనా లేస్తే తమకూ తెమ్మందామని చూస్తుంటారు. నేను చేసినప్పుడు ఎనిమిది మందిలో లేచింది ఇద్దరే, ఆ ఇద్దరిలో ఒకరు ఫోన్ వచ్చిందని లేచారు.

లోభానికి బంగారు రేకు అద్దడం సులువైన దారి. తినే బంగారు రేకులు దొరుకుతాయి, వాటికి రుచి వాసనలు బొత్తిగా లేవు గనుక ఆ ఎంపికలో ఒక చమత్కారమూ ఉంది. కానీ లోభి పని దాచుకోవడం. దాస్తే చెడిపోయే పసిడి వస్తువు ఒకటి వంటింట్లో ఉంది, అది సోడా పోసి పొంగించిన తేనె పాకం. 200 గ్రాముల చక్కెర, 80 గ్రాముల తేనె, రెండు చెంచాల నీళ్ళు కలిపి 150 డిగ్రీలకు కాచి, దింపిన వెంటనే ఒకటిన్నర చిన్న చెంచాల వంటసోడా వేసి రెండు తిప్పులు తిప్పండి. కార్బన్ డయాక్సైడ్ పుట్టి పాకం ఒక్కసారిగా పొంగుతుంది, అందువల్ల పాత్ర లోతుగా ఉండాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. పాకం చర్మం మీద పడితే కాలి అంటుకుపోతుంది. కాగితం పరిచిన పళ్ళెంలో పోసి గంటసేపు కదపకుండా ఆరనిచ్చి, విరిచి, గాలి చొరని డబ్బాలో పెట్టాలి. ఈ గుల్లటి బంగారు తునకలు గాలిలోని తేమను పీల్చుకుని గంటా రెండు గంటలలో జిగురవుతాయి.

కనుక లోభాన్ని ఐదోదిగా కాక, విందు మొదట్లోనే పంచాలి. ఒక్కొక్కరికి ఒక మూత లేని చిన్న పింగాణీ గిన్నెలో ఏడు తునకలు ఇచ్చి, ఎప్పుడైనా తినవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు, దాచుకోవచ్చు అని మాత్రం చెప్పండి. గాలి పొడిగా ఉన్న రోజైతే గిన్నెలను సూపు ఆవిరి తగిలే దగ్గర ఉంచండి. ఐదో పాపం వంతు వచ్చినప్పుడు అందరినీ గిన్నెలు చూపమని అడిగితే సరిపోతుంది, వేరే వంటకం అక్కర్లేదు.

తిండిపోతుతనమంటే ఎక్కువ తినడమేనని మనం అనుకుంటాం. గ్రెగరీ మాత్రం దానికి ఐదు ముఖాలు చెప్పాడు: వేళ కాకముందే తినడం, ఖరీదైనదే కావాలనడం, మితిమీరి తినడం, ఆబగా తినడం, అతి సుకుమారంగా వండించుకు తినడం. కొండంత పళ్ళెం పెట్టి నవ్వించే కన్నా ఈ ఐదింటినీ ఐదు ముద్దలు చేస్తే పాపం పూర్తి స్వరూపం కనిపిస్తుంది. మొదటి ముద్ద, వెన్నలో వేయించిన రొట్టెముక్క, లోభం గిన్నెలు ఇంకా బల్ల మీద ఉండగానే రావాలి. రెండోది కుంకుమపువ్వు వేసిన చెంచాడు కస్టర్డ్. ఒక్క గ్రాము కుంకుమపువ్వుకు సుమారు 150 పూలు కావాలన్న సంగతి చెప్పి మరీ వడ్డించండి. మూడోది చెంచా అంచు దాటి పొర్లే వెన్న బంగాళాదుంప. నాలుగోది అప్పుడే నూనెలోంచి తీసిన ఉల్లిపాయ చక్రం, ఆగితే మెత్తబడుతుంది కనుక ఆబగా తినక తప్పదు. ఐదోది తొక్క తీసి, గింజ తీసి, నాలుగు ముక్కలుగా కోసి, పెద్ద పళ్ళెం నడుమ పెట్టిన ఒకే ఒక్క ద్రాక్షపండు. ఒకే రుచి తింటుంటే దాని మీద త్వరగా మొహం మొత్తుతుంది గానీ, రుచి మారినప్పుడల్లా ఆకలి మళ్ళీ లేస్తుంది. కడుపు నిండిందన్నవారు కూడా ఈ ఐదింటినీ పూర్తి చేయడానికి కారణం అదే. ఇక్కడ ఒక మర్యాద పాటించాలి: ఎవరి ఒంటి తీరు గురించీ, ఎవరు ఎంత తిన్నారన్నదాని గురించీ మాట రాకూడదు. అసలు ఏ పాపాన్నీ ఏ అతిథికీ అంటగట్టవద్దు.

కామానికి హృదయాకారాలు, గులాబీ రేకులు వద్దు. కోరిక వాసనతో మొదలై, అందిన క్షణంలోనే ఆవిరవుతుంది, వంటకమూ అలాగే ఉంటే చాలు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల వద్ద కరుగుతుంది, నోటి వెచ్చదనం అంతకన్నా కాస్త ఎక్కువ. డార్క్ చాక్లెట్‌ను 45 డిగ్రీలకు కరిగించి, 27కు చల్లార్చి, మళ్ళీ 31కి తెచ్చి, కాగితం మీద వీలైనంత పలుచగా పరిచి గట్టిపడనివ్వండి. చిన్న పళ్ళెంలో వేడిచేసిన నారింజ తొక్కలు, దాల్చినచెక్క, వాటి పైన గాజు గిన్నె బోర్లించి బల్ల మధ్యన పెట్టి, ఒక్కసారి ఎత్తి వాసన గది నిండా పరచుకోనివ్వండి. రెండు నిమిషాల తరువాత తలా ఒక పలుచని చాక్లెట్ రేకు ఇవ్వండి, నాలుక మీద పెట్టగానే పోతుంది. ఇంకొకటి అడుగుతారు. ఉన్నా ఇవ్వవద్దు.

బల్ల ఎత్తేటప్పుడు లోభం గిన్నెలలో కొన్నింటి అడుగున కరిగి అంటుకున్న పాకం ఉంటుంది. గోకితే పింగాణీ గీతలు పడుతుంది; వేడినీళ్ళు పోసి పావుగంట వదిలేస్తే దానంతటదే కరిగిపోతుంది.